సూర్యకాంతమ్మ ఊరుకున్న రోజు

పెద్ద కంపెనీల బోర్డులో కనీసం ఒక స్త్రీ అయినా డైరెక్టరుగా ఉండితీరాలని చట్టం వచ్చినప్పుడు, మల్కాపురం రొయ్యల కంపెనీవారు ఆ స్త్రీ కోసం వెతకవలసిన పని లేకపోయింది. ఛైర్మన్ వాసుదేవరావుకు ఒక అక్క ఉంది. భార్య అంతకు ముందే కన్నుమూసింది కాబట్టి, ఆ ఇంటి ఆడదిక్కు ఆ అక్క ఒక్కతే. ఆమె పేరు సూర్యకాంతమ్మ.

సూర్యకాంతమ్మ ఏడో తరగతి వరకు చదువుకుంది. ఆ తరగతిలో ఆమెకు తెలుగు చెప్పినదాన్ని నేనే కనుక, ఆమె దస్తూరి గుండ్రంగా ఉంటుందనీ, ఒత్తులు ఎక్కడా వదలదనీ రూఢిగా చెప్పగలను. అంతకు మించి ఆ పదవికి ఆమెకున్న అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. ఆ పదవి నీకు ఇష్టమేనా అని కూడా అడగలేదు. ఒక ఉదయం కారు వచ్చింది. ఫొటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు, చూపించినచోటల్లా సంతకం పెట్టించారు. మధ్యాహ్నానికి ఆమె డైరెక్టరు అయి ఇంటికి వచ్చి, పొద్దున నానబెట్టిన పప్పు రుబ్బుకుంది.

ఆమె ఇల్లు రేవు గోడను ఆనుకొని ఉన్న జాలరిపల్లెలో ఉంది. తమ్ముడు కట్టించిన మేడే గాని, వీధి పాతదే, చుట్టూ ఉన్నది పాత మనుషులే. తమ్ముడు డబ్బున్నవాళ్లుండే లాసన్స్ బే వైపు ఇల్లు కట్టుకొని వెళ్లిపోయినా, ఆమె కదలలేదు. భర్త పోయాక అసలే కదలలేదు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటే, తలమీద టోపీతో, చేతిలో రబ్బరు బూట్లతో కంపెనీ రొయ్యల షెడ్డుకు వెళ్లే ఆడవాళ్లందరూ ఆమెను పలకరించిపోయేవారు. వాళ్లలో ముందు నడిచేది నూకాలు. వరసకు వదిన, వయసుకు జోడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గంపను చెరొకవైపు పట్టుకొని మోసినవాళ్లు.

ఆ షెడ్డే కంపెనీకి పుట్టిల్లు. వాసుదేవరావు తల్లి ఆదిలక్ష్మమ్మ హార్బరులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకొని గాజువాక దాకా నడిచి అమ్మేది. కొడుకు పెద్దవాడయ్యాక గంపను వదిలి ఐసుపెట్టెలు పట్టాడు. ఐసుపెట్టెల తరవాత ఈ షెడ్డు వేశాడు. పల్లె ఆడవాళ్లు అందులో బల్లల ముందు నిలబడి, మంచునీళ్లలో చేతులు ముంచి, రొయ్యల తలలు తీసి, పొట్టు ఒలిచేవారు. ఆ రొయ్యలు ఓడలెక్కేవి. తరవాత చెరువులు వచ్చాయి, పెద్ద ప్లాంట్లు వచ్చాయి, కంపెనీ షేర్లు బజారులోకి వచ్చాయి, నగరం నడుమ సిరిపురంలో అద్దాల మేడలో ఆఫీసు వచ్చింది. షెడ్డు మాత్రం అక్కడే ఉండిపోయింది. వేసవిలో వేట నిషేధించిన రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. అప్పుడు పల్లెలో పొయ్యి వెలిగేది షెడ్డు కూలితోనే.

ఆ పల్లెలో ఒక పద్ధతి ఉండేది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పల్లెకు సంబంధించిన ఏ విషయమైనా కులపెద్ద ముందు పంచాయితీలో తేలాలి. మగవాళ్లు ఇసుకలో కూర్చుంటారు, ఆడవాళ్లు వెనక నిలబడతారు. అయితే చేపను ఒడ్డుకు తెచ్చేంతవరకే మగవాడి పెత్తనం. ఒడ్డు చేరాక దాన్ని అమ్మేది ఆడది. అందువల్ల అమ్మకానికి సంబంధించిన మాట వచ్చినప్పుడు, గంపలు మోసేవాళ్లలో పెద్దామెను ముందుకు పిలిచి, కులపెద్ద మూడుసార్లు అడిగేవాడు. సరే అనదలుచుకుంటే ఆమె పైకి అనాలి. కాదు అన్న మాట పెద్దల ముఖాన అనడం మర్యాద కాదు కనుక, దాన్ని ఎవరూ నోటితో అనరు. ఊరుకుంటారు. మూడుసార్లు అడిగినా ఆమె ఊరుకుంటే, పెద్ద తువ్వాలు దులుపుకొని లేస్తాడు. ఆ సంగతి మళ్లీ కూడేవరకు కదలడానికి వీల్లేదు. ఈ లోపల పెద్దే ఆమె ఇంటికి వెళ్లి, ఆమె మనసులో ఏముందో కనుక్కోవాలి.

సూర్యకాంతమ్మకు పదేళ్లప్పుడు, పల్లె చేపనంతటినీ ఒక వ్యాపారి గుత్తకు తీసుకుంటానని వచ్చాడు. మగవాళ్లు ఒప్పుకున్నారు. కులపెద్ద అబ్బులు ఆదిలక్ష్మమ్మను పిలిచి అడిగాడు. ఆమె కొంగు భుజం చుట్టూ తిప్పుకొని, నిటారుగా నిలబడి, అతడి కళ్లలోకి చూస్తూ ఊరుకుంది. వ్యాపారి తెప్పించిన సోడా కూడా ముట్టలేదు. రెండు కూడికల్లో అలాగే ఊరుకుంది. వ్యాపారి విసిగి వెళ్లిపోయాడు. అప్పుడు ఆమె కొంగు పట్టుకొని నిలబడ్డ పసివాడు వాసు. ఆ పసివాడి చెయ్యి పట్టుకొని నిలబడ్డది సూర్యకాంతమ్మ.

డైరెక్టరు అయ్యాక ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆమె బోర్డు సమావేశానికి వెళ్లేది. అన్నిటికీ ఎగ్గొడితే పదవి ఊడుతుందట, అందుకని కారు పంపేవారు. పట్టుచీర కట్టుకొని వెళ్లి, పొడవాటి బల్ల దగ్గర తన పేరు రాసి ఉన్న కుర్చీలో కూర్చొని, ఇంగ్లీషు వినేది. జీడిపప్పు తినేది. మార్చి నెలలో మహిళా దినోత్సవానికి ఆమెకు శాలువా కప్పి ఫొటో తీసేవారు. ఆ ఫొటో కంపెనీ వార్షిక పుస్తకంలో నున్నటి కాగితం మీద పడేది. ఒకసారి ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించింది. "నా కింద ఏటి రాసారండీ?" అని అడిగింది. మహిళా నాయకత్వానికి కంపెనీ ఇస్తున్న ప్రాధాన్యానికి నిదర్శనం అని రాశారని చెప్పాను. ఆమె కాసేపు ఆ ఫొటోను చూసి, చీర రంగు బాగా పడిందని అంది.

పోయిన వేసవిలో, వేట ఆగిపోయిన రోజుల్లో, రాబోయే సమావేశపు కాగితాలు ఆమె ఇంటికి వచ్చాయి. ఎప్పుడూ వచ్చేవే. ఎప్పుడూ అల్మారాలో పెట్టేసేది. ఈసారి మాత్రం వాటిని సంచీలో పెట్టుకొని నా దగ్గరకు వచ్చింది, ఎందుకంటే షెడ్డు మూసేస్తారన్న మాట పల్లెలో పాకింది. నేను చదివి చెప్పాను. మాట నిజమే. మల్కాపురం షెడ్డు మూసి, పనంతా ఎక్కడో దూరాన అచ్యుతాపురం వైపు కట్టిన కొత్త ప్లాంటుకు మార్చాలని ప్రతిపాదన. అక్కడ ఒలిచేది యంత్రాలు. మిగిలిన కొద్ది పనికి కంట్రాక్టరు మనుషులను తెస్తాడు.

ఆ ముందు రోజే నూకాలు ఆమె గుమ్మంలో కూర్చొని చెప్పవలసింది చెప్పిపోయిందట. బతిమాలలేదు, ఏడవలేదు. "వదినా, ఆ బల్లకాడ కూకునే మనోళ్లలో ఆడది నువ్వొక్కదానివే. మాకింకెవులున్నారు?" అంది. ఆ తరవాత తన చేతులు చూపించి నవ్విందట. మంచునీళ్లలో ఏళ్ల తరబడి నాని, నూకాలు వేళ్లు కణుపుల దగ్గర వంకరపోయాయి. "ఈటిని సూసి ఇంకెవులైనా పనిస్తారేటి? కొక్కేలనుకుంటారు" అని తనమీద తనే వేళాకోళం ఆడుకుందట.

కాగితాలు మడిచి ఇస్తూ, సమావేశంలో నీ అభిప్రాయం స్పష్టంగా తెలియజెయ్యి అని సూర్యకాంతమ్మతో అన్నాను.

"ఎలా తెలపాలో నాకు తెల్సండీ పంతులమ్మగారూ" అంది. ఆ ముఖంలో తొణుకు లేదు. నేను సంతోషించాను.

సమావేశంలో జరిగింది ఆమె చెప్పగా విన్నదే రాస్తున్నాను. ఆమె ఆ రోజు పట్టుచీర కట్టుకోలేదు, తల్లిది ఒక నేతచీర ఉంటే కట్టుకుంది. బల్ల చుట్టూ ఏడుగురు. ఆరుగురు మగవాళ్లు, ఆమె. తమ్ముడు ఛైర్మన్ కుర్చీలో ఉన్నాడు. కంపెనీ సెక్రటరీ దేవీప్రసాద్ పక్కన కూర్చొని అన్నీ రాసుకుంటున్నాడు. మంచి మర్యాదస్థుడు, ఆమె కుర్చీ ఎప్పుడూ తనే జరిపేవాడు. షెడ్డు సంగతి వచ్చేసరికి ఒకాయన లేచి, గోడమీద బొమ్మలు వేసి చూపిస్తూ మాట్లాడాడు. కొత్త ప్లాంటు బొమ్మ తళతళలాడుతూ వచ్చింది. షెడ్డు బొమ్మ కూడా వచ్చింది. అందులో వరసగా టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ల వీపులు. ఆ వీపుల్లో ఏది ఎవరిదో ఆమె పోల్చుకోగలిగింది.

ఆయన కూర్చున్నాక వాసుదేవరావు ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. అక్క వైపు తిరిగి తెలుగులో అడిగాడు. "అప్పా, నువ్వేటంటావు?"

సూర్యకాంతమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. నిటారుగా కూర్చొని, తమ్ముడి కళ్లలోకి చూసి ఊరుకుంది.

"ఏటైనా సెప్పాలనుందా అప్పా?" అని రెండోసారి అడిగాడు.

ఆమె ఊరుకుంది. ఎదుట పెట్టిన కాఫీ కప్పును ముట్టలేదు. మూడోసారి అడుగుతాడని చూస్తూ ఉంది. వాసు తల దించుకొని కాగితం తిప్పాడు. మిగిలినవాళ్లు ఇంగ్లీషులో ఏదో అన్నారు, దేవీప్రసాద్ రాసుకున్నాడు, తరవాతి విషయం మొదలైంది. మూడోసారి మళ్లీ కూడినప్పుడు అడుగుతారు గాబోలు అనుకుంది ఆమె. ఆ పూటంతా కొంగు సడలించకుండా కూర్చుంది. తన జన్మలో అంత గట్టిగా ఎవరికీ కాదని చెప్పలేదు మరి.

కారు వీధి మొదట్లో ఆగేసరికి ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఏమన్నావని నూకాలు అడిగింది.

"ఏటీ అన్లేదు. రెండుసార్లు అడిగేడు. నోరిప్పలేదు. కాఫీ కూడా ముట్లేదు."

నూకాలు ఆమె రెండు బుగ్గలూ తన వంకర వేళ్లతో పట్టుకుంది. "అచ్చం మీ అమ్మే" అంది. బోర్డువాళ్లంతా తువ్వాళ్లు దులుపుకొని లేచిపోయి ఉంటారని ఒకామె అంది. వాళ్లకు తువ్వాళ్లెక్కడివే, కోట్లు దులుపుకొని ఉంటారని మరొకామె అంది. ఆ సాయంత్రం వీధిలో ఎండు నెత్తళ్ల చేపలు వండుకొని, అందరూ సూర్యకాంతమ్మ అరుగుమీదనే తిన్నారు. వాసు ఏ రోజు అక్క ఇంటికి వచ్చి మనసులో మాట అడుగుతాడో, అప్పుడు ఏమి చెప్పాలో కూడా ఆలోచించుకున్నారు. అచ్యుతాపురానికి కంపెనీ బస్సు వెయ్యాలి, ఈ ఆడవాళ్లనే తీసుకోవాలి, అప్పటివరకు షెడ్డు మూయకూడదు. ఇంతే.

మరునాడు ఆమె నా దగ్గరకు వచ్చి ఇదంతా చెప్పింది. ముఖం వెలిగిపోతోంది. పల్లె పద్ధతి నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. అంతా చెప్పనిచ్చాను. చివరకు, ఆ బల్ల దగ్గర ఊరుకున్నవారిని ఒప్పుకున్నవారిలోనే లెక్కవేస్తారని చెప్పవలసివచ్చింది. కాదంటే కాదని పైకి అనాలి, అన్నట్టు రాయించాలి అని వివరించాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మిగతావోళ్లకి తెలీదేమోనండి. వాసుకి తెల్సు కదా" అంది. ఆ మాటనే పట్టుకొని ఇంటికి వెళ్లింది.

ఆమె ఎదురుచూసింది. తమ్ముడు ఇష్టంగా తింటాడని ఉప్పుచేప తీసి ఉంచింది. వాసు రాలేదు. వారం తిరక్కుండా షెడ్డు తలుపుమీద నోటీసు అంటించారు. డైరెక్టర్ల బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించినందున అని మొదలైంది అది. నూకాలు మనవరాలు చదివి వినిపించింది. ఏకగ్రీవమంటే ఏమిటని ఎవరో అడిగితే, అందరూ ఒప్పుకోవడమని ఆ పిల్ల చెప్పింది. అందరూ అంటే మీ సూర్యకాంతమ్మ కూడానా అని ఇంకెవరో అడిగారు. ఆ పిల్ల ఇంకోసారి చదివి, అవునంది.

ఆ రోజే సూర్యకాంతమ్మ షేరు ఆటో ఎక్కి, రెండు ఆటోలు మారి, తమ్ముడి ఇంటికి వెళ్లింది. అతడు భోజనం దగ్గర ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒరే వాసూ, అబ్బులు పెద్ద అడిగినప్పుడు అమ్మ ఊరుకుంది. నువ్వక్కడున్నావా లేదా?"

"ఉన్నానప్పా."

"ఊరుకుంటే ఏటని?"

అతడు కంచంలో చెయ్యి అలాగే ఉంచి చెప్పాడు. "నాకు తెల్సప్పా. బోర్డుకి తెల్దు."

తరవాత ఇంకా చెప్పాడు. మునుపటిలా కంపెనీ తన చేతిలో లేదట. షేర్లు కొన్నవాళ్ల మనుషులు ఇద్దరు బోర్డులో ఉన్నారట, షెడ్డును ఇంకా ఎందుకు ఉంచావని రెండేళ్లుగా తననే నిలదీస్తున్నారట. అక్క కాదని రాయించుకున్నా, ఆరుగురి మాట ముందు ఆ ఒక్క మాట నిలవదట. కోపం వచ్చి ఆమె దిగిపోతే, చట్టం ఒప్పుకోదు గనుక, ఆ కుర్చీలో ఇంకొక ఆడమనిషిని తెచ్చి కూర్చోబెడతారట. ఇవన్నీ అతడు అబద్ధం చెప్పలేదనే నేను అనుకుంటున్నాను. ఆమె కూడా అలాగే అనుకుంది. గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి ఒకటే అడిగింది.

"మరి మూడోసారెందుకు అడగలేదురా?"

వాసుదేవరావు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడానికి అర్థమేమిటో తనకు తెలియలేదని సూర్యకాంతమ్మ నాతో అంది. చిన్నప్పటినుంచీ ఎత్తుకొని తిరిగిన తమ్ముడు ఊరుకుంటే అర్థం కాకపోవడం అదే మొదలు.

తరవాతి సమావేశానికి ఆమె నా దగ్గర ఒక వాక్యం నేర్చుకొని వెళ్లింది. షెడ్డు మూయడానికి నేను సమ్మతించలేదు, ఇకమీదట కూడా సమ్మతించను అన్నది ఆ వాక్యం. పెద్దల ముఖాన అనవలసిన మాట అని ఆమెకు భయం. ఇంట్లో అద్దం ముందు నిలబడి అనుకుందట. కిందటి సమావేశంలో రాసుకున్నది దేవీప్రసాద్ చదవగానే, లేచి నిలబడి, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది. ఎవరూ కోప్పడలేదు. షేర్లవాళ్ల తరఫున కూర్చున్న పెద్దాయన చేతులు జోడించి, అమ్మగారి భావం గౌరవించవలసిందేనని అన్నాడు. ఆమె ఈ రోజు ఇలా అన్నదని దేవీప్రసాద్ రాసుకున్నాడు. తీర్మానం ఎలా ఉన్నదో అలాగే ఉంది. కాఫీ వచ్చింది. అప్పటికి షెడ్డులో బల్లలు కూడా లేవు, పాత ఇనుము కొనేవాళ్లు లారీలో వేసుకుపోయారు.

పల్లె ఆడవాళ్లు ఆమెతో తగవు పెట్టుకోలేదు. వయసులో ఉన్నవాళ్లు కొందరు కంట్రాక్టరు కింద అచ్యుతాపురం వెళుతున్నారు, చీకటితో లేచి బస్సుకోసం నిలబడుతున్నారు. కొందరు గాజువాక అపార్టుమెంట్లలో అంట్లు తోముతున్నారు. నూకాలు కూడా ప్లాంటు దగ్గరకు వెళ్లింది. కంట్రాక్టరు మనిషి ఆమె వేళ్లు చూసి పక్కకు నిలబడమన్నాడు. ఆమె కాసేపు పక్కకు నిలబడి, తిరిగి వచ్చేసింది. ఇప్పుడు ఇంటిముందు ఎండుచేపలు ఏరుతూ కూర్చుంటుంది.

సూర్యకాంతమ్మ ఇంకా డైరెక్టరే. ఈ మార్చిలో కూడా శాలువా కప్పారు. ఫొటో పడ్డ పుస్తకాన్ని మాత్రం ఈసారి నాకు తెచ్చి చూపించలేదు.

షెడ్డు మూసిన కొత్తలో ఒక సాయంత్రం ఆమె నూకాలు ఇంటికి వెళ్లింది. నూకాలు అరుగుమీద చేట ముందు పెట్టుకొని కూర్చుంది. పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు ఉంది. చిన్నప్పటినుంచీ ఆ చోట సూర్యకాంతమ్మ అడక్కుండానే కూర్చునేది.

"కూకోనా వదినా?" అని అడిగింది.

నూకాలు తల ఎత్తి ఆమె కళ్లలోకి చూసి, మళ్లీ చేటలోకి చూసింది. సూర్యకాంతమ్మ ఇంకోసారి అడిగింది. నూకాలు వంకర వేళ్లతో తోకలు తుంచుతూ ఊరుకుంది. మూడోసారి కూడా అడిగి, సూర్యకాంతమ్మ ఇంటికి వచ్చేసింది.

పల్లెలో అలా ఊరుకుంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. మళ్లీ కూడినప్పుడు మళ్లీ అడగాలని కూడా ఆమెకు తెలుసు. అప్పటినుంచి వెళుతూనే ఉంది. నిన్న సాయంత్రం కూడా వెళ్లి, అరుగు ముందు కాసేపు నిలబడి, వచ్చింది.